చెవి నేర్పిన చదువు : గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితం

ఒక మాటను మొదటిసారి విన్నప్పుడు అది కేవలం ధ్వని. రెండవసారి విన్నప్పుడు ఎక్కడో విన్నట్లున్నదన్న స్ఫురణ. పదవసారి విన్నప్పుడు అది మాట. ఈ మార్పు చెవిలో జరుగుతుందా, మనస్సులో జరుగుతుందా, అసలు అర్థం తెలియని శబ్దం ఎన్నిసార్లు విన్నా మాట కాగలదా అన్న ప్రశ్నలు మనస్తత్వ శాస్త్రజ్ఞులవి. కాని వాటికి ప్రయోగశాలలో కాక తన బ్రతుకులోనే సమాధానం వెదకిన మహనీయుడొకరు మన తెలుగునాట జన్మించారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ సారథిగా వారి పేరు విద్యార్థులందరికీ విదితమే. అయితే వారి జీవితమంతా ఒక చెవి కథ అని నాకు తోస్తుంది. ఆ చెవి ఎంత నేర్చిందో, ఎంత పోగొట్టుకున్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరంగా, వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీరరాజు. తండ్రిగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, 1875లో జ్వరంతో అక్కడే కన్నుమూశారు. అప్పటికి కుమారునికి పన్నెండేండ్లు. విజయనగరంలోని మేనమామగారి ఇల్లు ఆ బాలునికి ఆశ్రయమయింది. మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో ఆయనకు లభించిన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఆధునిక తెలుగు వచనానికి రెండు భుజాలైనవారు ఒకే బడిలో, ఒకే బల్లమీద పాఠాలు విన్నారనడం మన సాహిత్య చరిత్రలో ఒక అదృష్ట ఘట్టం. 1879లో మెట్రిక్యులేషన్ ముగిసింది, వివాహమూ జరిగింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల వేతనంపై ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ప్రైవేటుగా నెగ్గారు. శ్రీముఖలింగం ఆలయ శాసనాల లిపిని గురుముఖం లేకుండా తమంతట తామే నేర్చి చదివారు. ఈ వివరాలన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్నవే కనుక వీటిపై ఎక్కువసేపు నిలువను.

పర్లాకిమిడి చుట్టూ ఉన్నవి కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒడియాకు గాని చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. ఆనాడు ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. చదువుకున్నవారి చెవికి అది అర్థంలేని గోల. ఆ భాష నేర్చి, ఆ బిడ్డలకు వారి మాటలలోనే చదువు చెప్పాలని రామమూర్తిగారికి బుద్ధి పుట్టింది. పుస్తకం లేని భాషను నేర్చుకునేదెట్లా? తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తమ ఇంటిలోనే ఉంచుకొని, అతనిచేత పలికించి, విని, తిరిగి పలికి, దిద్దించుకొని, మరల విని నేర్చుకున్నారు. ఆపై కొండలకు వెళ్ళి సవరల మధ్య తిరిగారు. ఆయనకు గురువూ పుస్తకమూ రెండూ పునరుక్తియే.

ఇక్కడ ఒక స్వానుభవం చెప్పుకోవడానికి పాఠకులు అనుమతించాలి. నేను బాల్యంలో మక్తబులో ఖాయిదా పుస్తకం ముందు పెట్టుకొని, తోటి పిల్లలతో ముందుకూ వెనుకకూ ఊగుతూ అరబ్బీ వల్లించినవాడను. ఇంట్లో మాట్లాడేది తెలుగు కలిసిన ఉర్దూ. వీథిలో మాట్లాడేది గోదావరి తెలుగు. అరబ్బీలో ఒక్క మాటకూ అర్థం తెలియదు. అయినా ఉస్తాదుగారు ఒక అక్షరం దీర్ఘం తగ్గించి చదివితే తప్పని మా చెవికి వెంటనే తెలిసేది. మా ఊరికి రెండు కోసుల దూరంలోని అగ్రహారంలో, కొబ్బరితోట నడుమ ఉన్న వేదపాఠశాలలో మా ఈడు పిల్లలే పదం, క్రమం, జట, ఘన అంటూ ఒకే మాటను ముందు వెనుకలుగా తిప్పి తిప్పి వల్లించేవారు. వారిలోనూ చాలామందికి అర్థం తరువాతనే వచ్చింది. ఈ కోనసీమలో మసీదు పంచనా, ఆలయ మంటపంలోనూ చెవికి ఒకే విధమైన శిక్షణ లభించిందని నేను పెద్దయిన తరువాత గ్రహించాను. సవరభాష ప్రసంగం వచ్చినప్పుడు ఇది మరీ గుర్తుకు వస్తుంది. కారణమేమంటే, అరబ్బీలో హంజా అనే అక్షరమున్నది. గొంతులో ఊపిరిని ఒక్క క్షణం అదిమి విడిచిపెట్టే ధ్వని అది. అటువంటి అదుముడు సవరభాషలోనూ ఉన్నది. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు కనుక తెలుగు చెవి దానిని విననే వినదు. రామమూర్తిగారు విన్నారు. ఎన్నిసార్లు విన్న పిమ్మట అది వారి చెవికి పట్టుబడినదో ఎవరూ లెక్క వ్రాసి ఉంచలేదు.

లెక్క వ్రాసి ఉంచినవాడు మరొకడున్నాడు. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు 1879 నుండి తనమీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. రెండు హల్లుల మధ్య ఒక అచ్చును ఇరికించి, సుమారు 2300 అర్థంలేని అక్షర ఖండాలను కూర్చి, గడియారపు టిక్కుటిక్కునకు సరిగా వాటిని వల్లించి, ఎన్ని ఆవృత్తులకు కంఠస్థమైనదో లెక్కించాడు. ఏడు ఖండాలు ఒక్కసారి చదివితే వచ్చేవి. పన్నెండింటికి సుమారు 17 ఆవృత్తులు, పదహారింటికి 30 ఆవృత్తులు కావలసి వచ్చాయి. అర్థమున్న ఇంగ్లీషు పద్యానికైతే ఆ శ్రమలో పదవవంతు సరిపోయింది. మరొక విశేషం: ఒకే ఊపున 68 సార్లు వల్లిస్తే కలిగిన ఫలితం, మూడు దినాలకు పంచి 38 సార్లు వల్లిస్తే కలిగింది. 1885లో ఆయన గ్రంథం వెలువడేనాటికి మన రామమూర్తిగారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటున్నారు. ఒకరు అర్థమును తుడిచివేసి ధ్వనిని పరీక్షించారు. మరొకరు ధ్వనినుండి అర్థంలోనికి దారి తీశారు.

ఆ దారికి మూల్యం చెల్లింపవలసి వచ్చింది. మన్యంలో తిరిగినందున ఆయనకు మలేరియా సోకింది. ఆనాడు దానికి ఉన్న మందు క్వినైను. జ్వరం తగ్గింది గాని, క్వినైను ప్రభావం చెవులపై పడింది. జీవితాంతం ఆయనను చెముడు వదలలేదు. మాట వినడమే విద్యగా పెట్టుకున్న మనిషికి ఇంతకంటె క్రూరమైన దెబ్బ ఊహించలేము. సంగీత విద్వాంసునికి కంఠం పోయినట్లు, చిత్రకారునికి చూపు పోయినట్లు అనవచ్చును. అయినా ఆయన సవరల పని మానలేదు. సవరభాషలో వాచకాలు సిద్ధం చేశారు, తమ ఖర్చుతో బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం ఈ కృషిని మెచ్చి ధనం ఇవ్వజూపితే, అది తమకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుమని కోరారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాబోటివారం ఈ ఒక్క విషయాన్నైనా అప్పుడప్పుడు తలచుకోవలసి ఉన్నది.

సవర పిల్లవానికి సవరలో చదువు చెప్పిన పంతులుగారికి సహజంగానే మరొక ప్రశ్న ఎదురయింది. తెలుగు పిల్లవానికి తెలుగులో చదువు చెబుతున్నామా? 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఏ. యేట్సు అనే ఆంగ్లేయునికి, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ ఇంత అంతరమెందుకన్న సందేహం కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ సందేహాన్ని ఉద్యమంగా మార్చారు.

ఆనాటి బాలుని స్థితి ఊహించండి. ఇంట్లో వస్తాడు, వెళ్తాడు, అంటాడు అని వేలసార్లు వింటాడు. బడిలో చనుదెంచెను, అరుదెంచెను, ఇట్లనియె అని వల్లిస్తాడు. ఈ రెండవ తెగ మాటలు పుట్టుకచేత తెలుగే, కాని వాని చెవికి కల్పిత పదాలతో సమానం. బడి గంట కొట్టగానే అవి మూగబోతాయి. మరునాడు మరల బడిలోనే వాటిని వింటాడు.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధం నుండి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని సూక్ష్మంగా పరిశోధించారు. వినేవారికి కొన్ని నిజమైన మాటలు, కొన్ని కల్పించిన మాటలు కలగలిపి వినిపిస్తారు. ఏది మాటో, ఏది కాదో వెంటనే చెప్పాలి. కొబ్బరి అన్నది మాట, తొబ్బరి అన్నది కాదు. ఒకసారి వినిపించిన వాటినే కొంత వ్యవధి తరువాత మరల వినిపిస్తే, నిజమైన మాటను చెవి రెండవసారి త్వరగా పోల్చుకుంటుంది. కల్పిత పదం విషయంలో ఆ లాభం నిలకడగా కనిపించదు. ఒక్కొక్కసారి స్వల్పం, ఒక్కొక్కసారి నష్టం కూడా. కారణం చిత్రమైనది. విన్నట్లున్నదే అన్న స్ఫురణ కలుగుతుంది, కాని అది మాట కాదని తీర్పు చెప్పవలసి ఉన్నది. ఆ పరిచయమే తీర్పుకు అడ్డుపడుతుంది. కల్పిత పదానికి ఒక అర్థం చెప్పి, వినిపించి, మధ్యలో రాత్రి నిద్రకు అవకాశమిచ్చి, దినాల తరబడి వాడిస్తే మాత్రం అది క్రమంగా మాటల సంసారంలో ఒక సభ్యుడై కూర్చుంటుంది.

ఈ సంగతి చదివిన ఏడాది నా తరగతిలో చిన్న పరీక్ష చేశాను. చనుదెంచు, అరుదెంచు అన్న ప్రాచీన క్రియల నడుమ మరుదెంచు అన్న మాటను నేనే కల్పించి ఉక్తలేఖనంలో చేర్చాను. మొదటి దినం విద్యార్థులు ముఖాముఖాలు చూచుకున్నారు. వారం దినాలలో దానిని మూడు నాలుగుసార్లు పాఠం మధ్యలో దొర్లించాను. వారాంతంలో ఇది తెలుగు మాటయేనా అని అడిగితే చాలామంది ఔనన్నారు. ఒక అమ్మాయి దానికి మరలివచ్చు అని అర్థం కూడా చెప్పింది! ఒండె అన్న నిజమైన ప్రాచీన పదాన్ని మాత్రం పలువురు నేను కల్పించినదే అనుకున్నారు. నవ్వుకున్నాము గాని, నాకు లోలోపల కొంత భయం వేసింది. అర్థం లేని ఆవృత్తి తప్పును కూడా ఒప్పుగా నిలబెట్టగలదన్నమాట.

రామమూర్తి పంతులుగారి వాదంలో మిక్కిలి పదునైన భాగం ఇదే. గ్రాంథికమే శుద్ధమని పట్టుబట్టిన పండితుల వచనాన్ని ఆయన వాక్యం వాక్యంగా పరిశీలించి, వారు వ్రాసేది ప్రాచీన కవుల భాషా కాదు, నేటి జనుల భాషా కాదని నిరూపించారు. నిత్యం నోట నలుగని భాషను కంటితో మాత్రమే అభ్యసించినవారు పోలికలమీద కొత్త రూపాలు కల్పిస్తారు. ఒకరు వ్రాసినది మరొకరు చూచి వ్రాస్తారు. పది పుస్తకాలలో కనబడేసరికి అది సాధువన్న భ్రమ ఏర్పడుతుంది. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అన్న గ్రంథం ఇటువంటి ప్రయోగాల పట్టిక వంటిది. మరొకవైపు, పూర్వుల వచనంలోనే వాడుక రూపాలు ఎన్ని ఉన్నవో గద్యచింతామణిలో ఉదాహరణలతో చూపారు. శాసనాలు చదివిన కన్ను, సవర విన్న చెవి కలిసి చేసిన పని అది.

ఎదుటి పక్షం సామాన్యమైనది కాదు. దాని నాయకుడు జయంతి రామయ్య పంతులుగారు మన కోనసీమ బిడ్డ. కోటిపల్లి రేవునుండి గౌతమి దాటితే తగిలే ముక్తేశ్వరం వారి జన్మస్థలం. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు, పిదప సూర్యరాయాంధ్ర నిఘంటువు నిర్మాణానికి మూలస్తంభమైనవారు వారే. జిల్లాకొక తీరుగా ఉన్న వాడుకను గ్రంథాలలోనికి రానిస్తే తెలుగువారందరినీ కలిపే సూత్రం తెగిపోతుందని, పూర్వకావ్యాలు పిల్లలకు దూరమవుతాయని వారి పక్షం భయం. ఆ భయం నిరాధారమని నేననలేను. నేటి డిగ్రీ విద్యార్థి ఒక తిక్కన పద్యం వినగానే కళవళపడుతున్నాడంటే రామయ్య పంతులుగారి మాట కొంత నిజమయినట్లే. చెవికి పద్యాన్ని వినిపించడం మనం మానివేశాము. అందుకు వాడుక భాషను నిందించడం మాత్రం న్యాయం కాదు.

పోరాటం తేలికగా ముగియలేదు. వ్యాసరచనలో ఆధునిక భాషకు మొదట కొంత అవకాశం లభించింది. పండితలోకం అలజడి చేసింది. మద్రాసు విశ్వవిద్యాలయం సంఘాన్ని నియమించింది. తీర్పు వాడుకకు ప్రతికూలమయింది. 1914లో గురజాడ తమ అసమ్మతి పత్రం సమర్పించి, మరుసటి సంవత్సరం మరణించారు. రామమూర్తిగారు ఒంటరి అయ్యారు. అప్పటికే వారు మూడు దశాబ్దాల ఉద్యోగం చాలించి ఉన్నారు. విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో ఊరూరా తిరిగి సభలలో ప్రసంగించారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు, కార్యదర్శి గిడుగువారు. కొద్ది నెలలకే వీరేశలింగంగారు స్వర్గస్థులైనారు. అదే ఏడు తెలుగు అన్న పేరుతో ఒక మాసపత్రిక ప్రారంభించి సంవత్సరం పాటు నడిపారు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు తానే ఆధునిక భాషపై విధించిన నిషేధాన్ని తొలగించుకున్నది. చెవి వినరాని మనిషి ఒకరు సభావేదికలపై గంటల తరబడి నిలిచి, వినగలిగిన వారందరికీ వారి చెవులలో ఉన్న భాషనే గుర్తు చేయవలసి వచ్చింది!

ఈ సందడి నడుమ సవరల పని సాగుతూనే ఉన్నది. 1931లో సవరభాషా వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. రెండవదాని నాటికి వారికి డెబ్బది అయిదేండ్లు. కుమారులు సీతాపతిగారు ఈ కృషిలో తండ్రికి తోడు నిలిచి, పిదప స్వయంగా పండితులై ప్రసిద్ధి పొందారు. చెముడు ముదిరిన తండ్రి పూర్వం విని దాచుకున్న ధ్వనులను అక్షరాలలో పెట్టడం ఎటువంటి శ్రమయో, నిఘంటువు కూర్చిన అనుభవమున్న వారికే తెలియాలి. అర్ధశతాబ్ది క్రితం విన్న గొంతుక అదుముడు ఏ మాటలో ఎక్కడ వస్తుందో వారికి జ్ఞాపకమున్నది. ఎబ్బింగ్‌హౌస్ తాను వల్లించిన అర్థరహిత ఖండాలలో నెల తిరిగేసరికి మరల నేర్చుకునే శ్రమలో సుమారు అయిదవవంతు మాత్రమే ఆదా కావడం గమనించాడు. మనుషుల నోట విన్న మాటకూ, కాగితంమీద కూర్చిన ధ్వనికీ ఉన్న భేదం అంతటిది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. అందుకు నిరసనగా పంతులుగారు ఆ దినమే, యాభై ఆరేండ్లుగా బ్రతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. గోదావరి జిల్లావారికి ఆ విధంగా వారి చివరి సంవత్సరాల సాన్నిధ్యం దక్కింది. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద సొరంగ్ సొంపెంగ్ అన్న లిపిని తన భాషకోసం రూపొందించడం యాదృచ్ఛికమే అయినా స్మరింపదగినది. 1940 జనవరి 22న రామమూర్తిగారు మద్రాసులో పరమపదించారు. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

ఆ దినాన కళాశాలలలో ఉపన్యాసాలు జరుగుతాయి, పూలమాలలు పడతాయి; సవరల ఊసు అరుదుగా వస్తుంది. అయినా ఒక విషయం ఇక్కడ చెప్పాలి. 2003–04లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలలకు తొలి తరగతులలో మాతృభాషలో చదువు చెప్పే ప్రణాళిక ప్రారంభించింది. ఎన్నుకున్న ఎనిమిది భాషలలో సవర ఒకటి. వాచకాలు తెలుగు లిపిలో అచ్చయ్యాయి. బడిలో అడుగుపెట్టిన మొదటి దినాన ఆ పిల్లవాడు విన్న మాట, అంతకు మునుపు వేయిసార్లు తల్లి నోట విన్నదే.